కరెంటు పోయి వస్తే కెమెరాలు మాయం: ఇంట్లో ఐపీ అడ్రస్‌ల గోల

గోదారిగట్టు | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. రాజమండ్రిలో మాది రెండు వాటాల ఇల్లు. కింద నేనూ మా ఆవిడా, పైన మా తమ్ముడి కుటుంబం. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నంబర్లంటే భయం లేదు కానీ ఈ నంబర్లు మాత్రం అంతు పట్టడం లేదు.

ఏప్రిల్ నెలాఖరు నుంచి ఒక తంటా. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి కెమెరాలు ఫోన్‌లో కనబడవు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికీ కనబడవు. ప్రతిసారీ ఇలా జరిగినా ఒక లెక్కకి వచ్చేది. మూడుసార్లు కరెంటు పోతే ఒకసారి ఇలా అవుతుంది. అదే సమయంలో డీవీఆర్ (కెమెరాల బొమ్మలు రికార్డు చేసే పెట్టె) కుయ్యి కుయ్యిమని అరుస్తుంది. టీవీలో, ఫోన్లలో ఇంటర్నెట్ మామూలుగానే వస్తూ ఉంటుంది.

కెమెరాలు పెట్టిన కుర్రాడు వచ్చి అన్నీ ఆపి మళ్ళీ వేస్తాడు, 300 తీసుకుంటాడు, బాగవుతుంది. వారం తిరక్కుండా మళ్ళీ మామూలే. ఈసారి "హార్డ్ డిస్క్ పోయినట్టుంది, అందుకే అరుస్తోంది, కొత్తది వేద్దాం" అన్నాడు. డబ్బు కట్టే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను.

డబుల్_స్పీడ్ | శనివారం, రాత్రి 8:52

కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన డబ్బా రౌటర్ కదా? తీసి అవతల పడేయండి సార్. 5 వేలు పెట్టి మంచిది కొనండి, అన్నీ సెట్ అవుతాయి.

పాతమోడెమ్ | శనివారం, రాత్రి 9:10

రోగమేంటో తెలియకముందే తలకాయ మార్చమంటే ఎలాగండీ, డబుల్_స్పీడ్ గారూ.

మాస్టారూ, హార్డ్ డిస్క్ కొనకండి. ముందు నాలుగు సంగతులు చెప్పండి. డీవీఆర్‌కి ఐపీ అడ్రస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబర్, ఆ కుర్రాడు చేత్తో పెట్టాడా? పెడితే ఎంత? రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ అన్న చోట మొదలు, చివర అని రెండు నంబర్లుంటాయి, అవేమిటి? కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఏవేవి ఇన్వర్టర్ మీద నడుస్తాయి, ఏవి ఆగిపోతాయి? చివరిది కాస్త వింతగా అనిపించొచ్చు: ఏప్రిల్ నుంచి ఇంటికి చుట్టాలెవరైనా వచ్చి ఉంటున్నారా?

గోదారిగట్టు | శనివారం, రాత్రి 10:05

రౌటర్ పేజీలోకి వెళ్ళడానికే ముప్పావుగంట పట్టింది. పాస్‌వర్డ్ రౌటర్ అడుగున అంటించిన కాగితం మీదే ఉందని మా తమ్ముడి కొడుకు చెప్పాక దొరికింది.

డీవీఆర్ అడ్రస్ 192.168.1.10, చేత్తో పెట్టిందే. రౌటర్ 192.168.1.1. డీహెచ్‌సీపీ మొదలు 192.168.1.2, చివర 192.168.1.254. ఇన్వర్టర్ మీద హాలు, పడగ్గది మాత్రమే ఉన్నాయి. రౌటర్ హాల్లో ఉంది కాబట్టి ఆగదు. డీవీఆర్ మెట్ల కింద అలమరలో ఉంది, ఆ ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లేదు, అది ఆగిపోతుంది.

చుట్టాల సంగతి మీకెలా తెలిసిందండీ? వేసవి సెలవులు కదా, మా చెల్లెలి పిల్లలు, మా ఆవిడ తరఫు పిల్లలు వంతులవారీగా వచ్చి వెళ్తున్నారు. ఒక్కొక్కడి చేతిలో ఒక్కో ఫోను.

పాతమోడెమ్ | శనివారం, రాత్రి 10:31

దొంగ దొరికాడనే అనుకుంటున్నా. రేపు పట్టుకుందాం. ముందు కథ చెప్తాను.

మీ రౌటర్‌ని ఊళ్ళో సత్రం గుమాస్తా అనుకోండి. కొత్త ఫోన్ వైఫైలోకి రాగానే వాకిట్లో నిలబడి "గది ఉందా అండీ" అని కేకేస్తుంది. గుమాస్తా "12 ఖాళీ, కావాలా" అంటాడు. ఫోన్ "అయితే 12 నాకే" అంటుంది. గుమాస్తా పుస్తకంలో రాసుకుని "సరే, రేపు ఈ వేళ దాకా నీదే" అంటాడు. డీహెచ్‌సీపీ అంటే ఈ నాలుగు మాటలే. ఆ "రేపు ఈ వేళ దాకా" అన్నదాన్ని లీజు అంటారు. సగం గడువు కాగానే ఫోన్ తనే వెళ్ళి "ఇంకొన్నాళ్ళు ఉంటానండీ" అని పొడిగించుకుంటుంది.

ఇప్పుడు మీ డీవీఆర్. అది గుమాస్తాని అడగలేదు. తాళంచెవి సొంతంగా చేయించుకుని 10వ గదిలో కాపురం పెట్టింది. పుస్తకంలో దాని పేరే లేదు. పైగా మీ గుమాస్తాకి 2 నుంచి 254 దాకా అన్ని గదులూ అద్దెకిచ్చుకోమని చెప్పారు, 10 కూడా అందులోదే.

మరి రోజూ ఎందుకు గొడవ రాదు? చాలా రౌటర్లు గది ఇచ్చేముందు తలుపు కొట్టి చూస్తాయి, అంటే ఒకసారి పింగ్ చేస్తాయి. లోపల డీవీఆర్ పలికితే "ఓహో ఎవరో ఉన్నారు" అని 11 ఇస్తాయి. కరెంటు పోయి డీవీఆర్ ఆగినప్పుడు తలుపు కొడితే పలికేవాళ్ళు లేరు. ఆ పది నిమిషాల్లో కొత్త ఫోన్ వచ్చిందా, 10 దానికి రాసేస్తాడు. కరెంటు రాగానే డీవీఆర్ తన గది అనుకుని నేరుగా లోపలికి వస్తుంది. ఇద్దరూ ఒకే మంచం మీద. ఆ అరుపు హార్డ్ డిస్క్‌ది కాదు. నా అడ్రస్‌లో ఇంకెవరో ఉన్నారని డీవీఆర్ పెడుతున్న కేక.

మీరు లెక్కల మాస్టారు కదా, ఒక లెక్క వేయండి. కింది రౌటర్‌కి మామూలు రోజుల్లో ఎన్ని పరికరాలు తగిలి ఉంటాయి? డీవీఆర్ వదిలేసి చెప్పండి.

గోదారిగట్టు | శనివారం, రాత్రి 10:50

నా ఫోను, మా ఆవిడ ఫోను, లాప్‌టాప్, ట్యాబ్, టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఏసీ (దీనికీ వైఫై ఎందుకో దేవుడికే తెలియాలి), పైవాటా రౌటర్‌కి వెళ్ళే కేబుల్. మొత్తం 8.

ఆగండి. 2 నుంచి మొదలుపెట్టి ఎనిమిదంటే 9తో అయిపోతాయి. తొమ్మిదోవాడు ఎవడొచ్చినా వాడికి 10!

పాతమోడెమ్ | శనివారం, రాత్రి 10:54

నూటికి నూరు మార్కులు. అన్ని రౌటర్లూ ఇలా వరుసగా ఇవ్వవు, కొన్ని మ్యాక్ అడ్రస్‌ని (పరికరం తనని తాను చెప్పుకునే గుర్తింపు నంబర్) బట్టి లెక్కగట్టి ఎక్కడో మధ్యలో ఇస్తాయి. మీది వరుసగా ఇచ్చే రకంలా ఉంది. చుట్టాలు లేని రోజుల్లో తొమ్మిదోవాడు లేడు కాబట్టి ఇన్నాళ్ళూ బండి నడిచింది. ఎండాకాలం కరెంటు కోతలు, సెలవులకొచ్చిన పిల్లలు, రెండూ ఒకేసారి కలిసొచ్చాయి.

రేపు డీవీఆర్ ప్లగ్గు పీకేసి, లాప్‌టాప్‌లో నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి 192.168.1.10ని పింగ్ చేయండి. డీవీఆర్ ఆగి ఉన్నా జవాబొస్తే ఆ గదిలో ఇంకొకరున్నట్టే. వెంటనే ఏఆర్‌పీ అని కొట్టి ఒక ఖాళీ, అడ్డగీత, ఏ కొడితే ఏ ఐపీ వెనక ఏ మ్యాక్ ఉందో చూపిస్తుంది. కెమెరాలు కనబడని రోజే చేయండి, మామూలుగా ఉన్న రోజు చేస్తే ఏమీ దొరకదు.

నిచ్చెనమీద | ఆదివారం, ఉదయం 7:15

నేను కెమెరాలు బిగించే పనిలోనే ఉన్నా, కాకినాడ వైపు. ఆ కుర్రాడి తరఫున ఒక మాట. మేం చేత్తో అడ్రస్ ఎందుకు పెడతామంటే, చాలా ఇళ్ళలో రౌటర్ పాస్‌వర్డ్ అడిగితే ఇంటివాళ్ళకే తెలీదు. ఇంటర్నెట్ కంపెనీని అడిగితే వాళ్ళు ఇవ్వరు. నిచ్చెన దిగి కూర్చుని వాళ్ళతో ఫోన్లో మాట్లాడేంత టైమ్ మాకు ఉండదు. అందుకని డీవీఆర్‌లో 10 అనో 200 అనో కొట్టేసి వచ్చేస్తాం. హార్డ్ డిస్క్ మాట మాత్రం తప్పే, ఒప్పుకుంటా. డీవీఆర్ మెనూలో అలారం ఎందుకో రాసే ఉంటుంది, చూడాల్సింది.

ఇంకోటి. పెట్టెలోంచి తీసిన కెమెరాకి ముందే ఒక అడ్రస్ ఉంటుంది. హిక్‌విజన్‌వి 192.168.1.64తో వస్తాయి, డాహువావి 192.168.1.108తో. ఒకే కంపెనీ కెమెరాలు నాలుగు తెచ్చి ఒకేసారి నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్ళన్నీ కలిపే పెట్టె) తగిలిస్తే నాలుగూ 108 అనే కూర్చుంటాయి. ఒక్కోటి తగిలించి, నంబర్ మార్చి, తర్వాతది తగిలించాలి. కొత్తలో ఈ సంగతి తెలియక ఒక పూటంతా పోగొట్టుకున్నా.

గోదారిగట్టు | సోమవారం, మధ్యాహ్నం 2:20

నిన్న సాయంత్రం 5 గంటలకి కరెంటు పోయింది. నా జన్మలో మొదటిసారి కరెంటు పోయినందుకు సంతోషించాను. ఆరుకి వచ్చింది. డీవీఆర్ అరిచింది. ప్లగ్గు పీకాను. పింగ్ చేశాను. జవాబు వచ్చింది! డీవీఆర్ నా చేతిలో చల్లగా ఉంది, 10వ నంబర్ మాత్రం పలుకుతోంది. ఒళ్ళు జలదరించిందంటే నమ్మండి.

మ్యాక్ మొదటి రెండక్షరాలు డీ, ఏ. ఇదేం కంపెనీదో వెతికితే ఎక్కడా దొరకలేదు.

భద్రకాళి_చెరువు | సోమవారం, మధ్యాహ్నం 2:41

దొరకదు మాస్టారూ, అది కంపెనీ ఇచ్చిన మ్యాక్ కాదు. మొదటి జంటలో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ వీటిలో ఒకటైతే ఫోన్ తనకు తానే కల్పించుకున్న మ్యాక్ అన్నట్టు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తాయి. షాపింగ్ మాల్స్‌లో వైఫై పెట్టుకున్నవాళ్ళు మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో కూపీ లాగకుండా ఆ ఏర్పాటు. మంచిదే. కానీ ఇంట్లో ఏది ఎవరిదో పోల్చుకోవాలంటే చుక్కలు కనబడతాయి.

ఫోన్‌లో మీ వైఫై పేరు నొక్కితే వివరాల్లో ఐపీ కనబడుతుంది. అందరి ఫోన్లూ అడిగి చూడండి, 10 ఎవరిదో తెలిసిపోతుంది.

గోదారిగట్టు | సోమవారం, మధ్యాహ్నం 3:05

మా మేనల్లుడిది. ఇంటర్ రెండో సంవత్సరం. "మావయ్యా, నేనేం చేశాను" అంటున్నాడు పాపం. వాడు వీధి చివర కిరాణా కొట్టు దాకా వెళ్ళొచ్చేసరికి కరెంటు లేదు, గేటు దాటగానే ఫోన్ వైఫైకి తగులుకుంది. ఇంత చిన్న సంగతి.

ఇప్పుడేం చేయాలి? మేనల్లుడిని పంపేయడం తప్ప ఏదైనా చెప్పండి.

డబుల్_స్పీడ్ | సోమవారం, మధ్యాహ్నం 3:20

ఈజీ. డీహెచ్‌సీపీ మొత్తం ఆపేసి ప్రతిదానికీ చేత్తో అడ్రస్ ఇచ్చేయండి. ఇక గొడవే ఉండదు.

భద్రకాళి_చెరువు | సోమవారం, మధ్యాహ్నం 3:33

దయచేసి అట్ల చేయొద్దు. రేపు చుట్టమొచ్చి "వైఫై పాస్‌వర్డ్ చెప్పు పిన్నీ" అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఐపీ, గేట్‌వే, డీఎన్‌ఎస్ అన్నీ కూర్చుని కొట్టాలి. నేను ఒకప్పుడు లాప్‌టాప్‌కి అడాప్టర్ సెట్టింగ్స్‌లో అట్లనే పెట్టుకుని అత్తగారింటికి పోయిన. అక్కడి రౌటర్ 192.168.29.1, నా లాప్‌టాప్ 192.168.1.50 పట్టుకుని కూర్చుంది. వైఫై గీతలన్నీ నిండుగా ఉన్నయి, ఒక్క పేజీ తెరుచుకోదు. వాళ్ళ నెట్టే బాగాలేదని అందరి ముందూ అనేసిన. తర్వాత తెలిసింది. ఇప్పటికీ మామయ్య గుర్తు చేస్తరు.

పాతమోడెమ్ | సోమవారం, సాయంత్రం 6:02

మాస్టారూ, చేయాల్సింది చిన్న పనే. గుమాస్తాకి అద్దెకిచ్చే గదులు తగ్గించండి. డీహెచ్‌సీపీ మొదలు 192.168.1.120, చివర 192.168.1.220 పెట్టండి. నూటొక్క నంబర్లు, మీ ఇంటికి ఇంకా రెండు పెళ్ళిళ్ళు చేసినా సరిపోతాయి. 2 నుంచి 119 దాకా ఇంటివాళ్ళవి, అందులో గుమాస్తా వేలు పెట్టడు. 100 నుంచి మొదలుపెట్టొచ్చు కానీ నిచ్చెనమీద గారు చెప్పిన 108 గుర్తుందిగా, అందుకే 120.

డీవీఆర్ 10లోనే ఉండొచ్చు. మార్చాక రౌటర్‌నీ, ఫోన్ల వైఫైనీ ఒకసారి ఆపి వేయండి, లేకపోతే పాత లీజు తీరేదాకా మేనల్లుడు 10ని పట్టుకునే ఉంటాడు.

ఇంకో దారి రిజర్వేషన్. రౌటర్ పేజీలో "ఈ మ్యాక్ వస్తే ఈ ఐపీనే ఇవ్వు" అని రాయడం. డీవీఆర్‌లో చేత్తో పెట్టింది తీసేసి ఆటోమేటిక్ పెట్టాలి. అప్పుడు అది కూడా గుమాస్తానే అడుగుతుంది, ఆయన పుస్తకం చూసి ఎప్పుడూ 10 ఇస్తాడు. నాకు ఇదే నచ్చుతుంది. ఇల్లంతటి లెక్కా ఒకే పుస్తకంలో ఉంటుంది.

నిచ్చెనమీద | సోమవారం, సాయంత్రం 6:30

మోడెమ్ గారూ, ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. రౌటర్‌లో రిజర్వేషన్ పెట్టామనుకోండి, ఆరు నెలలకి రౌటర్ కాలిపోతుంది, కంపెనీ వాళ్ళు కొత్తది పెట్టి వెళ్తారు. మీ పుస్తకం పాతదాంతో పాటే పోయింది. డీవీఆర్‌కి ఏ నంబరొస్తుందో తెలీదు. మళ్ళీ నాకే ఫోన్. డీవీఆర్‌లో చేత్తో పెట్టి ఉంటే, కొత్త రౌటర్ కూడా 192.168.1.1 అయినంత కాలం నడుస్తుంది.

పాతమోడెమ్ | సోమవారం, సాయంత్రం 6:48

కొత్త రౌటర్ 192.168.0.1 తో వస్తే? లేదా డీహెచ్‌సీపీ మళ్ళీ 2 నుంచి 254 అని ఉంటే? మీ పద్ధతిలో తిరిగి మొదటికే వస్తాం. నా పద్ధతిలో కనీసం ఇద్దరికీ ఒకే నంబర్ రాదు.

నిచ్చెనమీద | సోమవారం, సాయంత్రం 6:55

అదీ నిజమే. కానీ ఫోన్ నాకొస్తుంది, మీకు కాదు 🙂

భద్రకాళి_చెరువు | సోమవారం, సాయంత్రం 7:20

ఇద్దరూ కరెక్టే, ఊరికే కొట్లాడకండి. మాస్టారి ఇంట్లో డీవీఆర్ ఒక్కటే కాబట్టి చేత్తో పెట్టి పూల్ (రౌటర్ అద్దెకిచ్చే నంబర్లు) బయట ఉంచడం చాలు. పది కెమెరాలు, ప్రింటర్లు ఉన్నచోట నేనైతే రిజర్వేషనే చేస్త. ఫోన్లకి రిజర్వేషన్ పెట్టాలంటే ముందు ఆ ఫోన్‌లో మన వైఫై వరకు దొంగ మ్యాక్ ఆపాలి, లేకపోతే రాసిన రాత వృథా కావొచ్చు. కొన్ని రౌటర్లలో రిజర్వు చేసే నంబర్ పూల్ లోపలే ఉండాలి, కొన్నింట్లో బయట ఉన్నా ఒప్పుకుంటది. మీది ఏ రకమో నొక్కి చూస్తేనే తెలుస్తది.

ఫ్రిస్కో_ఫిల్టర్‌కాఫీ | సోమవారం, రాత్రి 8:15

మాస్టారూ, మేమూ డాలస్ పక్కనే. మా నాన్నగారి ఇల్లు తెనాలిలో, నేనూ రోజూ ఆ కెమెరాలు చూసుకుంటూ కాఫీ తాగే బ్యాచ్. ఒక సందేహం. ఇంట్లో అడ్రస్ 192.168.1.10 అయితే అమెరికా నుంచి మాకెలా కనబడుతోంది? మా ఇంట్లో ఇక్కడ కూడా 192.168.1.10 ఉంది, అది మా టీవీ. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా డీవీఆర్ దాకా రౌటర్‌లో తలుపు తెరవడం) చేసుకుంటే ఇంకా స్పీడ్‌గా వస్తుందని ఎవరో అన్నారు, చేయమంటారా?

పాతమోడెమ్ | సోమవారం, రాత్రి 9:03

మన వైపు ప్రతి ఊళ్ళోనూ గాంధీబొమ్మ సెంటర్ ఉంటుంది కదా. తెనాలి వాళ్ళు "గాంధీబొమ్మ దగ్గరకి రా" అంటే గుంటూరు వెళ్ళరు. ఊరు లోపల ఆ మాట చాలు. ఊరు బయట నుంచి వచ్చేవాడికి ముందు ఊరి పేరు కావాలి. 192.168తో మొదలయ్యేవి అలాంటి ఊరి లోపలి గుర్తులే. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168వి, ఈ మూడు పేటలూ ఎవరి ఇంట్లో వాళ్ళు వాడుకోవచ్చని 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంలో రాసిపెట్టారు. అప్పటికే ప్రపంచానికి నంబర్లు చాలవని తెలిసిపోయింది.

మీకు కెమెరా కనబడేది ఆ నంబర్ వల్ల కాదు. డీవీఆర్ తనే బయటికి వెళ్ళి కంపెనీ సర్వర్‌తో "నేనున్నా" అని చెప్పి లైను తెరిచి ఉంచుతుంది, మీ యాప్ ఆ సర్వర్ దగ్గర దాన్ని కలుసుకుంటుంది. మాస్టారి ఇంట్లో 10 దగ్గర ఇద్దరు కొట్టుకుంటుంటే డీవీఆర్‌కి రావాల్సిన జవాబులు కాసేపు ఫోన్‌కి, కాసేపు దీనికి వెళ్తాయి. ఇక సర్వర్‌తో సంబంధం తెగుతుంది. డాలస్‌లో అమ్మాయికి కనబడకపోవడానికి కారణం మెట్ల కింద అలమరలోనే ఉంది.

పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి పోకండి. ఒకటి, చాలా కంపెనీలు మీ రౌటర్‌కి బయటి వైపు కూడా అసలు నంబర్ ఇవ్వవు. 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా కనబడితే, అది వందలమంది కలిసి వాడే ఉమ్మడి వాకిలి వెనక నంబర్, ఫార్వర్డ్ చేసినా ఎవరూ లోపలికి రాలేరు. రెండు, రాగలిగితే ఇంకా ప్రమాదం. 2016లో మిరాయ్ అనే పురుగు ఇలా తలుపులు తెరిచి పెట్టిన కెమెరాలు, డీవీఆర్‌ల మీదే పెరిగింది, పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చలేదు కాబట్టి.

అమీర్‌పేట_హాస్టల్ | మంగళవారం, ఉదయం 10:12

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మాది అమీర్‌పేటలో బాయ్స్ హాస్టల్. 60 మంది ఉంటారు, కోచింగ్ పిల్లలు, నెలనెలా మారుతుంటారు. సాయంత్రమైతే కొందరి ఫోన్లలో "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని తిరుగుతూనే ఉంటుంది, కనెక్ట్ కాదు. రౌటర్ ఆపి వేస్తే కాసేపు బాగుంటుంది. ఇదీ ఇలాంటి గొడవేనా?

భద్రకాళి_చెరువు | మంగళవారం, ఉదయం 10:40

మీది గొడవ కాదు, హౌస్‌ఫుల్. పూల్ ఎంత పెట్టారు, లీజు ఎంత?

అమీర్‌పేట_హాస్టల్ | మంగళవారం, ఉదయం 11:05

100 నుంచి 199. లీజు 1440 అని ఉంది. నిమిషాలట.

భద్రకాళి_చెరువు | మంగళవారం, ఉదయం 11:18

అంటే 24 గంటలు. వంద నంబర్లు, 60 మందికి తలా ఒక ఫోను, లాప్‌టాప్ అంటేనే 120. పొద్దున గది ఖాళీ చేసి వెళ్ళినవాడి నంబర్ రేపటి దాకా వాడి పేరు మీదే ఉంటది. చూడటానికొచ్చిన ఫ్రెండ్స్ సంగతి వేరే. పూల్‌ని 20 నుంచి 250 చేయండి, లీజు 120 నిమిషాలకి దించండి. ఇంట్లో 24 గంటల లీజు హాయిగా ఉంటది, హాస్టల్‌కి రెండు గంటలే సరి.

గోదారిగట్టు | బుధవారం, రాత్రి 9:30

పూల్ 120 నుంచి 220 చేశాను. కెమెరాలు వచ్చాయి. ఊరికే ఉండలేని బుద్ధి నాది. ప్రింటర్ సంగతి కూడా తేలుద్దామని కొత్త తప్పు చేశాను, చెప్తాను వినండి.

ప్రింటర్ పైవాటాలో మా తమ్ముడి రౌటర్‌కి ఉంది. కింద నా లాప్‌టాప్‌కి అది ఎప్పుడూ కనబడదు. చూస్తే పైన అందరికీ 192.168.0 తో అడ్రస్‌లున్నాయి, మాకు 192.168.1 తో. రెండు వేర్వేరు ఊళ్ళన్నమాట. కేబుల్ పైరౌటర్‌లో నీలం రంగు రంధ్రంలో ఉంది. దాన్ని పక్కనున్న పసుపు రంధ్రంలోకి మారిస్తే ఒకే ఊరవుతుందని ఎక్కడో చదివి, సాయంత్రం 7 గంటలకి మార్చేశాను.

ఏడున్నరకి మా ఆవిడ సీరియల్ ఆగింది. ఏడూ ముప్పై అయిదుకి మా తమ్ముడు ఆఫీసు మీటింగ్ మధ్యలోంచి దిగి వచ్చాడు. కొన్ని ఫోన్లకి ఇంటర్నెట్ ఉంది, కొన్నింటికి లేదు. టెన్షన్‌లో కేబుల్ మళ్ళీ నీలంలో పెట్టాను. ఇప్పుడు బాగుంది. కానీ ఇంట్లో నా పరువు లేదు.

పాతమోడెమ్ | బుధవారం, రాత్రి 9:52

ఒక సత్రానికి ఇద్దరు గుమాస్తాలయ్యారు మాస్టారూ. నీలం రంధ్రంలో ఉన్నంతసేపు పైరౌటర్ తన వాటా వరకే నంబర్లిచ్చుకుంది. పసుపులోకి మార్చగానే రెండూ ఒకే వాకిట్లోకొచ్చాయి. ఫోన్ "గది ఉందా" అని అరిస్తే ఎవరు ముందు పలికితే వాళ్ళ మాటే. కింది రౌటర్ పలికితే సరే. పైది పలికితే 192.168.0 నంబరిచ్చి "బయటికెళ్ళే దారి నేనే" అని చెప్తుంది, దానికేమో ఇప్పుడు బయటికి దారే లేదు. పాపం సీరియల్ అందులో ఇరుక్కుంది.

ఆలోచన సరైందే, వరుస తప్పింది. మొదట పైరౌటర్ మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ (నంబర్లివ్వకుండా వైఫై మాత్రమే పంచే పద్ధతి) ఉందేమో చూడండి. ఉంటే అది నొక్కితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

లేకపోతే పొద్దున అందరూ పనులకెళ్ళాక చేయండి. కింది నుంచి వచ్చే కేబుల్ పీకేయండి. లాప్‌టాప్‌ని కేబుల్‌తో పైరౌటర్ పసుపు రంధ్రానికి తగిలించి దాని పేజీ తెరవండి. ముందు డీహెచ్‌సీపీ ఆపండి. తర్వాత దాని సొంత అడ్రస్ 192.168.1.2 చేయండి. అలా మార్చగానే పేజీ ఆగిపోతుంది, కంగారు పడకండి, అది కొత్త ఊరికి వెళ్ళిపోయింది, మీ లాప్‌టాప్ పాత ఊళ్ళో ఉంది. అప్పుడు కింది కేబుల్ పసుపులో పెట్టండి. నీలం ఖాళీగా వదిలేయండి. డీహెచ్‌సీపీ ఆపాక పేజీ అసలు తెరుచుకోకపోతే, లాప్‌టాప్‌కి ఆ కాసేపటికి చేత్తో 192.168.0.50 ఇచ్చి లోపలికి వెళ్ళొచ్చు. పనయ్యాక మళ్ళీ ఆటోమేటిక్ చేయడం మర్చిపోకండి, లేకపోతే భద్రకాళి గారి అత్తారింటి కథ అవుతుంది.

ఇంకోటి. ఎప్పుడైనా ఏ పరికరమైనా 169.254 తో మొదలయ్యే అడ్రస్ చూపిస్తే, కేక వేసినా ఏ గుమాస్తా పలకలేదని అర్థం. కేబుల్, స్విచ్ చూసుకోండి.

డబుల్_స్పీడ్ | బుధవారం, రాత్రి 10:20

మొన్న రౌటర్ పారేయమన్నందుకు సారీ మాస్టారూ. మా ఇంట్లోనూ రెండు రౌటర్లున్నాయి. ఇది చదివాక చూస్తే మాదీ నీలంలోనే ఉంది 😅

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 8:05

గురువారం పొద్దున చేశాను. యాక్సెస్ పాయింట్ మోడ్ లేదు, రెండో పద్ధతే. పేజీ ఆగిపోయినప్పుడు గుండె ఆగినంత పనైంది కానీ మీరు ముందే చెప్పారు కాబట్టి కూర్చున్నాను. ఇప్పుడు కింద నుంచి ప్రింట్ కొడితే పైన కాగితం వస్తోంది, మా మరదలు కిందికి విసిరేస్తోంది.

నిన్న సాయంత్రం గాలివానకి కరెంటు 4 సార్లు పోయింది. ఇంట్లో పిల్లలు ఆరుగురు, ఫోన్లు ఆరు. కెమెరాలు ఒక్కసారి కూడా పోలేదు, డీవీఆర్ నోరెత్తలేదు. హార్డ్ డిస్క్ కొనలేదు. కెమెరా కుర్రాడికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను, "మిగతా ఇళ్ళల్లో కూడా ఇదేనేమో సార్" అని నోట్ చేసుకున్నాడు.

రౌటర్ కాలిపోతే పుస్తకం పోతుందని నిచ్చెనమీద గారన్నది మనసులో ఉండి, హాల్లో క్యాలెండర్ వెనక పెన్నుతో రాసి పెట్టాను. చూసి దిద్దండి.

1 కింది రౌటర్
2 పై రౌటర్
10 డీవీఆర్
21 టీవీ
21 ప్రింటర్
120 నుంచి 220 అందరూ

నిచ్చెనమీద | ఆదివారం, రాత్రి 8:17

మాస్టారూ, టీవీకీ ప్రింటర్‌కీ ఇద్దరికీ 21 వేశారు.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 8:24

అయ్యో, కళ్ళజోడు లేకుండా రాశాను. రౌటర్‌లో సరిగ్గానే ఉంది, ప్రింటర్ 22. క్యాలెండర్ మీద దిద్దాను.